ఒక్కలాంటి గిన్నెలు

ఈ సంగతి రాయాలని చాలాకాలంగా ఉంది. రాయడం రాక రాయలేదు. నాకు అక్షరాలు వచ్చేసరికే జుట్టు సగం తెల్లబడింది. మా వీధిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టినప్పుడు, పలక పట్టుకుని కూర్చోవడానికి సిగ్గేసి చాలా రోజులు గుమ్మం బయటే నిలబడి విన్నాను. తర్వాత లోపలికి వెళ్లాను. ముందు సంతకం వచ్చింది, తర్వాత బస్సు బోర్డు, ఆ తర్వాత పేపర్లో పెద్దక్షరాలు. అనుకున్న మాటను అనుకున్నట్టు కాగితం మీద పెట్టడం మాత్రం ఈమధ్యే చేతనైంది. అప్పటికి ఇందులోని మనుషుల్లో, ఇది ఇలా కాదు అలా జరిగింది అని నన్ను సరిదిద్దేవాళ్లెవరూ మిగల్లేదు.

నేను చివర్లో అటెండరుగా చేసిన కాలేజీలో సైన్సు చదివే పిల్లలు కొందరు అడిగారు, కాలవ రోడ్డు మీద అంత మందం గోడలతో ఆ పాడుబడ్డ షెడ్డు ఏంటండీ అని. ఒకరు ఐసు ఫ్యాక్టరీ అన్నారు, ఒకరు యుద్ధం నాటి బంకరు అన్నారు. బాబూ, రెండూ కాదు. అందులో నేను ఏడెనిమిదేళ్లు పనిచేశాను. మీ కోసమే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. వాళ్ల పిల్లలు ఇక్కడే తిరుగుతున్నారు.

డెబ్బైల చివరి మాట. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లే దారిలో కాలవ పక్కన ఒక పాత ధాన్యం గోదాము ఉండేది. మా ఆయన దానికి కాపలా. ఒక ప్రొఫెసరు గారు ఆ గోదామును తీసుకుని ప్రయోగశాల చేశారు. ఏడాది తిరక్కుండానే మా ఆయన జ్వరంతో పోయారు. నన్ను పొమ్మనలేక, ఊడ్చడానికి ఉంచారు. ఊడ్చే పని నుంచి గిన్నెలు కడిగే పనికి వచ్చాను.

అన్నం తినే గిన్నెలు కావు. మేలిమి రాగివి, అరచేతిలో పట్టేంత. అడుగున నడిమధ్య ఒక కన్నం. అలాంటివి వరసగా పేర్చి కొలిమిలో అతికిస్తే మనిషి కంటే పొడవైన గొట్టం తయారవుతుంది. అందులో గాలంతా లాగేసి, ఒక చివర నుంచి ఎలక్ట్రాన్లను వదులుతారు. పక్క నుంచి ఒక తరంగాన్ని పంపిస్తారు, సెకనుకు వందల కోట్ల సార్లు ఊగే తరంగం. ఎలక్ట్రాన్లు దాని మీద ఎక్కి, ఆ కన్నాల మధ్య నుంచి పరుగు తీసి అవతల పడతాయి. పడేచోట ఆసుపత్రి దూది, కుట్లు వేసే దారం, గ్లవ్సులు పెడితే, పెట్టె విప్పకుండానే అందులో ఉన్న క్రిమి చచ్చిపోతుంది. ఆ రోజుల్లో ఆపరేషను బాగా జరిగి చీము పట్టి చచ్చిపోయినవాళ్లు ప్రతి వీధికీ ఒకరుండేవారు. అందుకని ఈ మిషను అంటే మాకందరికీ గౌరవం.

అయితే పెట్టెల లెక్కన శుద్ధి చేయాలంటే ఎలక్ట్రాన్లు ధారాళంగా రావాలి. ఎంత ధార వస్తుందో ప్రొఫెసరు గారు ఢిల్లీలో డబ్బిచ్చేవాళ్లకు ముందే మాటిచ్చి వచ్చారు. ఆ ధార చూపిస్తే షెడ్డు పెద్దదవుతుంది, మా అందరికీ ఉద్యోగాలు ఖాయమవుతాయి. చూపించలేకపోతే మూసేస్తారు. ఇది నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. చీపురు పట్టుకున్న మనిషికి కూడా తెలిసేలా ఆయన రోజూ అనేవారు.

మూసేస్తే అందరికంటే నష్టపోయేది మా మేస్త్రీగారు. ద్రాక్షారామం వైపు మనిషి. లాంచీలకు ఇరుసులు, రైసుమిల్లులకు విడిభాగాలు కోసేవారు. సొంత లేతు ఉండేది. ప్రొఫెసరు గారు వచ్చి రమ్మంటే, దాన్ని అమ్మేసి, ఇంటిల్లిపాదినీ తీసుకుని రాజమండ్రి వచ్చేశారు. వెనక్కి వెళ్లడానికి ఆయనకి చోటు లేదు.

ఆయన కోసిన గిన్నె నా దగ్గరికి వచ్చేది. నూనె వదిలేలా కడిగి, పుల్లటి మందులో ముంచి, నీళ్లలో తీసి, మళ్లీ కాచి చల్లార్చిన శుద్ధ నీళ్లలో తీసి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టాలి. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలిముద్ర పడితే గొట్టం లోపలి గాలి ఎంత లాగినా పూర్తిగా పోదట.

"చేతులు కడిగావా అమ్మా?" అని అడిగేవారు మేస్త్రీగారు.

"కడిగానండి."

"కడిగాక దేనికైనా తగిలాయా?"

"చెంగుకి తగిలాయండి."

"అయితే మళ్లీ కడుక్కో. మా మేనత్త మడి కూడా ఇంత కాదమ్మా. ఆవిడ కనీసం తడి చెంగుకి ఒప్పుకునేది."

మా మేస్త్రీగారి గొప్ప ఏమిటంటే, ఆయన గిన్నెలన్నీ ఒక్కటే. ఒక్కలాంటివి అనడం చాలదు. వెంట్రుకలో ఎన్నో వంతు తేడా వచ్చినా పక్కన పడేసేవారు. పడేసినవి బాగా పోగయ్యాయి. మేం వాటిలో మేకులు, చాక్‌పీసు ముక్కలు వేసుకునేవాళ్లం. ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా ప్రొఫెసరు గారు రెండు గిన్నెలు తెప్పించి, వెనక చేతులు పెట్టి మార్చి, "ఏది ముందుదో చెప్పండి చూద్దాం" అనేవారు. ఎవరూ చెప్పలేకపోయేవారు. మేస్త్రీగారు తల వంచుకుని లేతు తుడుచుకునేవారు, నవ్వు కనపడకుండా.

ఇంకొకరున్నారు, చిన్న మేడమ్ గారు. విశాఖపట్నంలో చదువుకుని వచ్చిన పిల్ల. పాతికేళ్లుంటాయేమో. లెక్కలన్నీ సిమెంటు నేల మీద చాక్‌పీసుతో వేసేవారు, గొంతుక్కూర్చుని, కొంగు నడుముకి దోపుకుని. ఊడ్చే ముందు నేను అడగాలి.

"ఇది చెరపొచ్చాండీ?"

"అది తప్పు, చెరిపెయ్. ఇది ఉండనీ."

"ఇదాండీ?"

"అది ఇంకా తప్పో ఒప్పో తెలీదు. దాటుకుని ఊడువు."

అలా నేను వాళ్ల లెక్కల చుట్టూ ఊడ్చుకుంటూ బతికాను. నాకు అవన్నీ ముగ్గులే.

గొట్టం తయారైంది. మొదట కొద్ది ధారతో నడిపారు. కిరణాలు బయటికి రాకుండా కట్టిన మందపాటి గోడల లోపల గొట్టం, బయటి గదిలో, అవతల పడే ధార ఎంతో గీతగా చూపించే చిన్న గాజు తెర. తెర మీద పచ్చటి గీత గట్టులా లేచింది. లేచి, నిలబడి, దిగింది. ప్రొఫెసరు గారు కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రీగారు చొక్కా మార్చుకుని వచ్చారు, ఎందుకో.

ధార పెంచడం మొదలుపెట్టాక తెలిసింది. కొంతవరకు గట్టు నిలబడేది. ఆపైన పెంచితే ముందు భాగం మామూలుగానే ఉండి, వెనక భాగం కోసుకుపోయేది. వరదకి గండి పడ్డట్టు. ఇంకా పెంచితే గండి ఇంకా ముందుకొచ్చేది. ఎన్ని ఎలక్ట్రాన్లు పంపినా వెనకవి చేరడం లేదు. ఎక్కడికి పోతున్నాయి?

"గోడకి కొట్టుకుంటున్నాయి" అన్నారు చిన్న మేడమ్ గారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, మేస్త్రీగారు అడిగితే చెప్పారు. "ఎలక్ట్రాన్లు ధారగా కనిపిస్తాయి గానీ గుంపులు గుంపులుగా వెళ్తాయండి. ముందు గుంపు గిన్నెలోంచి వెళ్తూ అక్కడ కొంత అల వదిలేస్తుంది. ఆ అల ఆరేలోపే వెనక గుంపు వస్తుంది. అల దాన్ని పక్కకి నెడుతుంది. పక్కకి జరిగిన గుంపు ఇంకా పెద్ద అల వదులుతుంది. అలా అలా చివరి గుంపులు గోడకే."

"లాంచీ వెనక నాటుపడవలాగండి" అన్నారు మేస్త్రీగారు.

"అంతేనండి! సరిగ్గా అంతే."

"గోదాట్లో అయితే ఏం కాదండి. కాలవలో లాంచీ వెళ్తే అల గట్టుకి కొట్టి తిరిగొస్తది. వెనకున్న పడవవాడు లాంచీవాడి ఏడు తరాల్నీ తలుచుకుంటాడు."

"మన గిన్నె కన్నం కూడా కాలవేనండి. తరంగం ఎంత గబగబా ఊగితే గిన్నె అంత చిన్నదవ్వాలి. చిన్నదైనకొద్దీ అల గట్టిపడుతుంది."

"మరి పడవవాళ్లేం చేస్తారో తెలుసాండి మీకు? లాంచీ పోయేదాకా ఆగుతారు."

"మనం ఆగితే ఢిల్లీ వాళ్లు ఆగరండి" అని ఆవిడ నవ్వారు. అందరం నవ్వాం. ఆ షెడ్డులో అందరం కలిసి నవ్వడం అదే ఆఖరు అనుకుంటాను.

ముందు గుంపు వదిలే ఆ అలని వాళ్లు వేక్ ఫీల్డ్ అనేవారు. ఆ మాట ఆ ఏడాది నేను మా పిల్లల పేర్లకంటే ఎక్కువసార్లు విన్నాను. గొట్టం చుట్టూ తీగ చుట్టిన అయస్కాంతాలు పెట్టారు, ఎలక్ట్రాన్లు నడుమనే ఉండేలా. కొంచెం మెరుగైంది. గొట్టం ఎక్కడైనా వంగిందేమోనని దీపం పెట్టి, దుర్భిణితో చూసి సరిచేశారు. ఇంకొంచెం మెరుగైంది. మాటిచ్చిన ధారలో మూడో వంతు దగ్గర మళ్లీ గండి.

వానలు మొదలయ్యాయి. అప్పటినుంచి షెడ్డులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మేస్త్రీగారు గదిలోకి రాగానే ప్రొఫెసరు గారు, చిన్న మేడమ్ గారు ఇంగ్లీషులోకి మారిపోయేవారు. ఒకరోజు చిన్న మేడమ్ గారు నేల మీద పొడవుగా గుండ్రాలు గీశారు. మొదట్లో పెద్దగా, పోనుపోను చిన్నగా. బాగుందని చూస్తున్నాను. బయట మేస్త్రీగారి సైకిలు బెల్లు వినపడింది.

"ఇది తుడిచెయ్యమ్మా, తొందరగా" అన్నారు.

"తప్పాండీ?"

"తప్పు కాదు. తుడిచెయ్."

తుడిచేశాను. ఎందుకు తుడవమన్నారో అప్పుడు నాకు తెలియదు.

మేస్త్రీగారికి ఇంగ్లీషు రాకపోయినా మౌనం అర్థమవుతుంది కదా. "మనం రాగానే ఇంగ్లీషు మొదలవుతోందేంటమ్మా?" అన్నారు నాతో. "షెడ్డు మూసే మాటలేమో. మనకి ముందే తెలిస్తే గోల చేస్తామనుకుంటున్నట్టున్నారు." ఆ తర్వాత ఆయన గదిలోకి వచ్చే ముందు చెప్పులు గట్టిగా విదిలించి, దగ్గి, వచ్చేవారు. వాళ్లు మాట మార్చుకోవడానికి వీలుగా. ఎదుటివారికి ఇబ్బంది కలగనివ్వరు ఆయన.

శ్రావణం పోయింది, దసరా పోయింది, సంక్రాంతీ పోయింది. మిషను చూసి తేల్చే కమిటీ వచ్చే రోజు ఖాయమైందని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. నెల కూడా లేదు. ఆ మధ్యాహ్నం ప్రొఫెసరు గారు అయస్కాంతాలు ఇంకా పెంచుదామంటున్నారు. చిన్న మేడమ్ గారు ఉన్నట్టుండి చాక్‌పీసు నేలకేసి కొట్టారు.

"ఇంక నావల్ల కాదు సార్. చెప్పేస్తాను."

"ఏమ్మా..."

"చెప్పేస్తాను సార్." ఆవిడ మేస్త్రీగారి వైపు తిరిగారు. "మేస్త్రీగారూ, మీ గిన్నెలన్నీ ఒక్కలాంటివండి."

"ఆయ్" అన్నారు మేస్త్రీగారు, సంతోషంగానే.

"అదేనండి తప్పు."

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడ గబగబా చెప్పుకుపోయారు. గుంపు వెళ్తూ ప్రతి గిన్నెనీ గంట కొట్టినట్టు కొడుతుంది. పక్కకి ఊపే శబ్దం ఒకటి అందులో పుడుతుంది. గిన్నెలన్నీ ఒక్కలాంటివైతే అన్నీ ఒకే శ్రుతిలో మోగుతాయి. అన్నీ ఒకేవైపు, ఒకేసారి నెడతాయి. కొంచెం కొంచెం తేడాగా ఉంటే ఒకటి ఇటు నెడితే ఒకటి అటు నెడుతుంది, నెట్టుళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. ముందుకు తోసే తరంగానికి గిన్నెలు కుదరాలి, పక్కకి నెట్టే అలకి కుదరకూడదు. అలా వరసగా మార్చుకుంటూ పోయి కోయవచ్చు. మొదట్లోనే అలా కోయించాల్సింది.

మేస్త్రీగారు మూలనున్న చెత్తగిన్నెల పోగు వైపు చూశారు. "అయితే అవి..."

"అవి కూడా పనికిరావండి. తేడా ఒక వరసలో రావాలి."

"వరస చెప్తే వచ్చేది కదండీ." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కలాగ కొయ్యమన్నారు, కోశాను. తేడాగా కొయ్యమంటే తేడాగానే కోసేవాణ్ణి. నా సొమ్మేం పోయిందండీ?"

చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

"మీకెప్పుడు తెలిసిందండీ ఇది?"

ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "శ్రావణంలో... అనుమానం వచ్చింది."

"ఇప్పుడు మాఘం కదండీ."

"మీరు బాధపడతారని, మేస్త్రీగారూ. మీ పని అంత... అందరికీ చూపించుకున్నాను నేను. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"నేను బాధపడితే రెండ్రోజులు అన్నం మానేస్తానండి. మూడోరోజు మా ఆవిడ తిట్టి పెడుతుంది." ఆయన లేతు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "రెండో గొట్టం ఈపాటికి అయిపోయేదండి."

పిల్లలూ, ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నానేమో అనిపిస్తుంది. మిషనులో తప్పుంది, నిజమే. తెలియక చేసిన తప్పు. ప్రపంచంలో అక్కడక్కడా చాలామంది చేసే ఉంటారు. తెలిశాక ఆరు నెలలు దాచిపెట్టింది మాత్రం మేమే. దాంట్లో దుర్మార్గం లేదు. పెద్ద పనివాడి ముఖం మీద నీ పనిలో లోటుందని అనడానికి మా వైపు ఎవరికీ నోరు రాదు. పెళ్లిలో వంట చెడినా వంటవాడికి తాంబూలం ఇచ్చి పంపుతారు. ఆ మర్యాదలో పెరిగినవాళ్లం. అంత చదువుకున్న ప్రొఫెసరు గారు ఢిల్లీలో ఎవరితోనైనా వాదించేవారు, మా మేస్త్రీగారికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయారు.

కొత్త గొట్టానికి వ్యవధి లేదు. మిగిలింది ఒక్కటే దారి. ఉన్న గొట్టాన్నే బయటి నుంచి అక్కడక్కడా నొక్కి, గిన్నెలకి సొట్టలు పెట్టాలి. ఏ గిన్నెకి ఎంత సొట్ట అన్నది చిన్న మేడమ్ గారు లెక్కవేస్తారు. నొక్కే పని ప్రొఫెసరు గారు వేరే మనిషితో చేయిస్తామన్నారు.

"వద్దండి" అన్నారు మేస్త్రీగారు. "తెలియని చెయ్యి పడితే గిన్నె దక్కదు. నేనే చేస్తాను."

గుండ్రటి మొన ఉన్న ఒక బిగింపు మర తానే చేసుకున్నారు. గొట్టాన్ని చల్లబరిచే నీళ్ల పైపులు విప్పించి, మొదటి గిన్నెకి మొన ఆనించారు. కళ్లు మూసుకుని నొక్కారని చెప్తే కథ బాగుంటుంది. అలా ఏం లేదు. కళ్లు విప్పుకుని, మామూలుగా పని చేసే మొహంతోనే, కొద్దికొద్దిగా మర తిప్పారు. రాగి లోపలికి పోయింది. మేలిమి బంగారంలాంటి గోడ మీద వేలితో నొక్కినట్టు గుంట. నేను బయటికి వెళ్లిపోయాను. ఆయన పిలిచారు.

"గుడ్డ ఇలా ఇవ్వమ్మా. ఎక్కడికెళ్తావు?"

సొట్టలు పెరిగినకొద్దీ గండి వెనక్కి తగ్గింది. మూడో వంతు నుంచి సగం దాకా వచ్చింది. సగం దాటింది. ఆ రోజుల్లో నేను గుడికి వెళ్లడం మానేశాను. ఆశ పుట్టిందని దేవుడికి తెలిస్తే ఏమవుతుందోనని భయం.

కమిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. అందులో పెద్దాయన మన వైపువారే, తెలుగులోనే మాట్లాడారు. షెడ్డంతా తిరిగి చూశారు. నేనిచ్చిన టీ తాగి, "టీ బాగుందమ్మా" అన్నారు. మిషను నడిచింది. గట్టు లేచింది. పెంచారు, నిలబడింది. ఇంకా పెంచారు, నిలబడింది. మాటిచ్చినదానికి ఇంకా నాలుగో వంతు తక్కువ ఉందనగా వెనక భాగం కరగడం మొదలైంది. ప్రొఫెసరు గారు ఆపేశారు.

పెద్దాయన తెర ముందు నుంచి లేచి, "చాలా కష్టపడ్డారండీ" అన్నారు.

భోజనానికి వాళ్లు బయలుదేరాక మేస్త్రీగారు నాతో అన్నారు: "కష్టపడ్డారంటే అయిపోయిందమ్మా. పెళ్లిచూపుల్లో పిల్ల లక్షణంగా ఉందండీ అని లేచి చెప్పులేసుకున్నట్టు."

ప్రొఫెసరు గారు వాళ్లతో భోజనానికి వెళ్లలేదు. కడుపునొప్పి అని చెప్పి ఉండిపోయారు. వాళ్ల కారు మలుపు తిరగ్గానే లోపలికి వచ్చారు. "చివరి నాలుగు గిన్నెలకి ఇంకొంచెం నొక్కుదాం. వాళ్లు వచ్చేలోపు మళ్లీ నడిపి చూపిద్దాం."

"సార్, అక్కడ ముందే చాలా నొక్కాం" అన్నారు చిన్న మేడమ్ గారు. "పక్కనే అతుకుంది."

"కొంచెమే అమ్మా."

ఆవిడ ఇంకో మాట అనబోయి మానేశారు. మేస్త్రీగారు మర తీసుకుని గొట్టం దగ్గర కూర్చున్నారు. మొదటిది అయింది. రెండోది అయింది. మూడోది అయ్యాక ఆయన మొన తీసి, ఆ సొట్ట మీద బొటనవేలు పెట్టి, కొంతసేపు అలాగే ఉన్నారు.

"ఇంకా నొక్కాలాండి?"

"ఇంకొక్కటి మేస్త్రీగారూ."

"ఆయ్."

మర తిరిగింది. పగిలిన శబ్దమేమీ రాలేదు. గొట్టంలోంచి గాలి లాగే పంపు మాత్రం గొంతు మార్చింది. అప్పటిదాకా తుమ్మెదలా జుమ్మంటున్నది, బరువెత్తిన మనిషిలా గురగురలాడింది. గోడ మీద, గొట్టంలో గాలి ఎంతుందో చూపించే ముల్లు లేచి అవతలి చివర కొట్టుకుని అక్కడే నిలిచిపోయింది. అతుకు దగ్గర సన్నటి చీలిక. కంటికి కనపడేంత కూడా లేదు. మేస్త్రీగారు చూపుడువేలు దాని మీద పెట్టారు. వేలు పెట్టగానే పంపు కాస్త తేలికపడింది. తీస్తే మళ్లీ గురక. అలా ఆయన వేలు తీయకుండా చాలాసేపు కూర్చున్నారు. ఎవరూ తీయమని చెప్పలేదు.

కమిటీ వాళ్లు వచ్చారు. విషయం చెప్పారు. "అయ్యో" అన్నారు పెద్దాయన. నిజంగానే బాధపడ్డారు. ఇంకోసారి టీ తాగి, పొద్దుండగానే స్టేషనుకి వెళ్లిపోయారు. మూసేస్తామని ఒక్కరూ అనలేదు. అననక్కర్లేదు.

వాళ్లు వెళ్లాక ప్రొఫెసరు గారు మేస్త్రీగారి దగ్గరికి వచ్చి, "మీ తప్పేం లేదండీ" అన్నారు.

"తెలుసండి" అన్నారు మేస్త్రీగారు.

అంతే. చేతులు కడుక్కుని, సైకిలు తీసుకుని వెళ్లిపోయారు. చిన్న మేడమ్ గారు నేల మీద లెక్కల మధ్య కూర్చుని ఉండిపోయారు. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను, ఏది చెరపాలో అడగడానికి మనసొప్పక. ఆవిడే లేచి, చెప్పులతో అన్నిటి మీదా తొక్కుకుంటూ వెళ్లిపోయారు.

ఆ తర్వాత సంగతి కొంచెమే. నాకు కాలేజీలో పని దొరికింది. చిన్న మేడమ్ గారు ఎక్కడో బ్యాంకు ఉద్యోగంలో చేరారని విన్నాను. ప్రొఫెసరు గారు ఎక్కువ కాలం బతకలేదు. మేస్త్రీగారు వేరొకరి లేతు మీద కూలికి, గేట్లకి బోల్టులు కోసేవారు. ఒకసారి కోటిపల్లి బస్టాండు దగ్గర కనిపించారు. చూపు తగ్గిందన్నారు. చాలా ఏళ్లుగా లోపల తొలుస్తున్న మాట అడిగేశాను.

"ఆ రోజు చివరిది నొక్కితే చీలిపోతుందని మీకు తెలుసాండి?"

ఆయన నా వైపు చూసి, "టీ తాగుతావా అమ్మా?" అన్నారు.

తాగాం. ఆయనే ఇచ్చారు డబ్బులు. మళ్లీ కనపడలేదు. తెలిసే నొక్కారా, పెద్దవారి మాటకి ఎదురు చెప్పలేక నొక్కారా, కాదు నిజంగానే తెలియదా? ఇప్పుడు నాకు రాయడం వచ్చింది గానీ, ఆ వాక్యం ముగించడం రాలేదు. చెప్పాల్సినప్పుడు ఒకరు చెప్పలేదు. ఇంకొకరు కూడా చెప్పలేదేమో. ఇద్దరి మధ్యా ఆ మిషను చచ్చిపోయింది.

కమిటీ వెళ్లిన మర్నాడు పొద్దున నేను ఎప్పటిలాగే షెడ్డుకి వెళ్లాను. తలుపు చేరవేసి ఉంది, తాళం లేదు. లోపల మనిషి లేడు. కాలిన నూనె వాసన. పంపు ఇంకా నడుస్తోంది. రాత్రంతా నడిచింది. చీలిక లోంచి వచ్చే గాలిని లాగుతూ, లాగినంతా మళ్లీ వస్తుంటే మళ్లీ లాగుతూ. ఎవరూ దాన్ని ఆపమని ఎవరికీ చెప్పలేదు. ఆపితే అయిపోయిందని ఒప్పుకున్నట్టని ఎవరికి వారు వదిలేసి వెళ్లి ఉంటారు. పంపు ఒంటి మీద చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది.

మేస్త్రీగారు వస్తారేమోనని గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూశాను. సైకిళ్లు వెళ్తున్నాయి, ఆయన లేరు. ప్రొఫెసరు గారింటికి కబురు చేద్దామా అనుకున్నాను. కబురు చేస్తే ఆయన ఏమంటారో కూడా అనుకున్నాను. అలాగే నడవనియ్యమ్మా, అంటారు.

ఆ పంపు స్విచ్చి నేను ముట్టుకోకూడనిది. అన్నేళ్లలో దాని చుట్టూ తుడిచానే తప్ప ముట్టుకోలేదు. ఎవరినీ అడగలేదు. వెళ్లి కట్టేశాను.